కోసి అతికించే ముందు: పాత కారు స్టీరింగ్ కాలమ్ గురించి కొన్ని మాటలు

మా ఇంట్లో 1974 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఒకటి ఉంది. నాన్న పనిచేసిన ఆఫీసు దాన్ని వేలానికి పెట్టినప్పుడు ఆయనే పాడుకున్నారు. ఆయనకిప్పుడు 76 ఏళ్లు. ఆదివారం పొద్దున్నే కారు బయటికి తీసి, ఊరి చివర పొలం దాకా నడిపి, తిరిగొచ్చి తుడిచి లోపల పెట్టడం ఆయనకు వ్యాయామమూ, కాలక్షేపమూ. రెండేళ్ల కిందట కుడి భుజం పట్టేసింది. ఆగి ఉన్న అంబాసిడర్ స్టీరింగ్ తిప్పడమంటే ఏమిటో తిప్పినవాళ్లకే తెలుసు. డాక్టరు గారు కారు మానేయమన్నారు. కారు మానేస్తే భుజంతో పనేముందన్నారు నాన్న.

పవర్ స్టీరింగ్ పెట్టిద్దామని అన్నది నేనే. పాత కార్ల పనికి పేరున్న ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. తుక్కుకు వచ్చిన చిన్న కారు నుంచి విప్పిన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కాలమ్ ఒకటి వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది. "కింద రాడ్డు పొడవు చాలదండీ. మన పాత రాడ్డు ముక్క కోసి దీనికి అతికిస్తే అయిపోద్ది" అన్నాడు మెకానిక్. నాలుగు రోజుల్లో పని అయిపోయింది. నాన్న ఒక్క వేలితో స్టీరింగ్ తిప్పి చూపించి చిన్నపిల్లాడిలా నవ్వారు.

నేను డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. టార్క్ అంటే బోర్డు మీద వంపు బాణం గీసి, బలాన్ని దూరంతో గుణించడం వరకే నా పరిచయం. అందుకే ఆ రోజు నాకూ అనుమానం రాలేదు. రెండు నెలల తర్వాత నాన్నే అన్నారు: "మలుపులో ఇది ఒకచోట బరువుగా, ఒకచోట తేలిగ్గా వస్తోందిరా." మెకానికల్ ఇంజినీరింగ్ చెప్పే మిత్రుడొకరు వచ్చి కారు కింద దూరాడు. అతుకు వేసిన చోటును శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు ద్రవం చల్లి, కాసేపాగి తుడిచేసి, దాని మీద తెల్లటి పొడి పూత కొట్టాడు. లోహంలో పగులు ఉంటే అందులో దాగిన ఎరుపు ఆ తెలుపులోకి పైకి తేలుతుంది. తేలింది. వెల్డింగ్ పక్కనే, రాడ్డు చుట్టుకొలతలో దాదాపు మూడో వంతు, వెంట్రుకంత ఎర్ర గీత.

ఆ గీత చుట్టూ తిరిగి పూర్తయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి భౌతికశాస్త్రం అక్కర్లేదు. స్టీరింగ్ చక్రం చేతిలో తిరుగుతూనే ఉంటుంది, ముందు చక్రాలు తమ దారిన తాము పోతాయి. ఫుట్ బ్రేకు పోతే హ్యాండ్ బ్రేకు ఉంటుంది. ఇంజిన్ ఆగిపోతే కారు పక్కకు తీసి ఆపొచ్చు. స్టీరింగ్‌కు మాత్రం రెండోది లేదు.

ఇలాంటి కథ చెప్పగానే వినేవాళ్లలో సగం మంది "అందుకే పాత కారును పాతకారులాగే ఉంచాలి" అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. పాత కార్ల స్టీరింగ్ కాలమ్‌ను మార్చడం చాలా సందర్భాల్లో మంచి పని. కొలవకుండా, పరీక్షించకుండా మార్చడమే ప్రమాదం. ఆ పరీక్ష చేయించుకుందామని ఎవరైనా బుద్ధిగా బయల్దేరితే మన దేశంలో తట్టడానికి ఒక తలుపు లేదు. నా ఫిర్యాదు అదీ.

ముందు పాత కాలమ్ సంగతి చూద్దాం. 1960ల వరకు ప్రపంచంలో ఎక్కువ కార్లలో స్టీరింగ్ కాలమ్ అంటే డ్రైవరు ఛాతీ ఎదుట మొదలై ముందు చక్రాల దగ్గరి గేరు పెట్టె దాకా వెళ్లే గట్టి ఉక్కు కడ్డీ. కారు ముందు భాగం దేనికైనా గుద్దుకుంటే ఆ పెట్టె వెనక్కి జరుగుతుంది. దాంతోపాటు కడ్డీ కూడా. అదే క్షణంలో డ్రైవరు ముందుకు విసిరేసినట్టు వెళ్తాడు. బల్లెం ఒకవైపు నుంచి, ఛాతీ మరోవైపు నుంచి. ఆ రోజుల్లో ఎదురెదురు ఢీకొన్న ప్రమాదాల్లో డ్రైవర్ల ప్రాణాలు తీసిన ప్రధాన కారణాల్లో ఇదొకటి.

దీనికి విరుగుడు శక్తి లెక్కలోనే ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 70 కిలోల మనిషిలో సుమారు 6,750 జౌళ్ల గతిజ శక్తి ఉంటుంది. ఆగేలోపు అదంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ఆగే దూరం ఎంత తక్కువైతే బలం అంత ఎక్కువ. రెండు సెంటీమీటర్లలో ఆగాల్సిన శరీరానికి పది సెంటీమీటర్లు దొరికితే సగటు బలం ఐదో వంతుకు పడిపోతుంది. ఆ ఎనిమిది సెంటీమీటర్లను పక్కటెముకలు ఇవ్వాలా, కాలమ్ ఇవ్వాలా అన్నదే ప్రశ్న. మెర్సిడెస్ బెంజ్‌లో పనిచేసిన బేలా బరేనీ అనే ఇంజినీరు ఈ కోణంలో చాలా ఏళ్లు ఆలోచించి ఢీకొన్నప్పుడు నలిగిపోయే స్టీరింగ్‌కు రూపమిచ్చాడు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1967 మోడళ్లలో జల్లెడలా చిల్లులున్న లోహపు గొట్టంతో కాలమ్ తెచ్చింది. దెబ్బ తగిలితే అది కాగితపు లాంతరు ముడుచుకున్నట్టు ముడుచుకుంటుంది.

1968 జనవరి 1 నుంచి అమెరికాలో ఇది చట్టమైంది. ఒక నిబంధన ప్రకారం, గంటకు సుమారు 24 కిలోమీటర్ల వేగంతో మనిషి మొండెం లాంటి దిమ్మెను స్టీరింగ్‌కు కొడితే దాని మీద పడే బలం 11,120 న్యూటన్లు మించకూడదు. ఇంకో నిబంధన ప్రకారం, గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దిన కారులో కాలమ్ పై కొస 127 మిల్లీమీటర్ల కంటే వెనక్కి రాకూడదు. 1981లో అక్కడి రహదారి భద్రతా సంస్థే కూర్చుని లెక్క తీసింది. ముందు నుంచి ఢీకొన్న ప్రమాదాల్లో డ్రైవరు చనిపోయే అవకాశం ఈ రెండు నిబంధనల వల్ల 12 శాతం తగ్గిందని, అన్ని కార్లలోనూ ఇవి వచ్చేసరికి ఏటా దాదాపు 1,300 ప్రాణాలు నిలుస్తాయని తేల్చింది. ఒక్క గొట్టం ఆకారం మార్చినందుకు ఇంత ఫలితం.

అంబాసిడర్ మూలం 1950ల బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాని రాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఆ కాలానికి మెచ్చుకోదగ్గదే. కానీ ఆ కారు గీసినవాళ్ల ముందు ఈ పాఠాలేవీ లేవు. సీటు బెల్టు లేదు, తల వెనక దిండు లేదు, స్టీరింగ్ మధ్యలో మెత్తటి ముఖం లేదు. కాబట్టి "అచ్చం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాను" అని గర్వంగా చెప్పుకునే యజమాని, ఆ అచ్చం అన్న మాటలో ఆ బల్లేన్ని కూడా కలిపే దాచుకుంటున్నాడు. ప్రదర్శనలో నిలబెట్టే కారైతే ఫర్వాలేదు. ఆదివారం రోడ్డెక్కే కారుకు, అందులో కూర్చునేది మన నాన్నే అయినప్పుడు, నాకు అది చాలదనిపిస్తుంది.

ఇక మార్పు ఎక్కడ చెడుతుందో చూద్దాం. మా కారు విప్పదీసి, నేనూ మిత్రుడూ రెండు ఆదివారాలు గడిపి తెలుసుకున్న సంగతులివి. చాలా షెడ్లలో ఇవే జరుగుతున్నాయని తర్వాత నలుగురితో మాట్లాడితే అర్థమైంది.

మొదటిది అతుకు. రాడ్డు సన్నగా ఉండటం వల్ల విరుగుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే ఆ భయం పోతుంది. 40 సెంటీమీటర్ల స్టీరింగ్‌ను రెండు చేతులతో, చేతికి 150 న్యూటన్ల చొప్పున, అంటే చేతికి 15 కిలోల బరువు ఎత్తినంత బలంతో తిప్పారనుకోండి. టార్క్ 60 న్యూటన్ మీటర్లు. 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గట్టి రాడ్డులో దీనివల్ల పుట్టే ప్రతిబలం సుమారు 38 మెగాపాస్కల్స్. సాదా ఉక్కు కూడా దీనికి మూడు రెట్లకు పైగా ఓర్చుకుంటుంది. అయితే ఈ బలం వ్యాసం ఘనంతో మారుతుంది. 20 నుంచి 16 మిల్లీమీటర్లకు దిగితే, కంటికి పెద్ద తేడా కనిపించదు, మెలికను తట్టుకునే శక్తి మాత్రం సగమైపోతుంది. లేత్ మీద "కొంచెం తీసి" గొట్టంలో దూర్చే ముందు ఈ ఘనం సంగతి గుర్తుండాలి.

రాడ్డు బలంగానే ఉంటే పగులు ఎక్కడిది? వేడి వల్ల. స్టీరింగ్ షాఫ్టులకు వాడే ఉక్కులో తరచుగా కార్బన్ కాస్త ఎక్కువ ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి చప్పున చల్లారిస్తే అతుకు పక్కనున్న పొర గాజులా పెళుసైపోతుంది. కొడవలికి, ఉలికి మన కమ్మరి పదును పెట్టేది ఈ గుణంతోనే. నీళ్లలో ముంచి, మళ్లీ మెల్లగా కాచి పెళుసుతనం తీస్తాడు. మా రాడ్డు విషయంలో ముంచడం మాత్రమే జరిగింది. త్వరగా బిగించాలని వెల్డరు దాని మీద మగ్గుతో నీళ్లు పోశాడు. నేను పక్కనే నిలబడి, టీ తాగుతూ, ఆ చుయ్‌మన్న చప్పుడు విన్నాను. నిజంగా అతకాల్సి వస్తే ముందు లోహాన్ని నెమ్మదిగా వేడి చేయాలి, దానికి తగిన రాడ్డు వాడాలి, నిదానంగా చల్లారనివ్వాలి, తర్వాత పగుళ్లకు పరీక్షించాలి. అసలు అతకకుండా గడిస్తే అంతకంటే మేలు. రెండు కొసలకూ సరిపోయే పళ్లున్న కప్లర్ తయారు చేయించి, షాఫ్టు మీది గాడిలో కూర్చునేలా బోల్టు బిగిస్తే చాలు. అప్పుడు బోల్టు వదులైనా షాఫ్టు జారి బయటికి రాదు.

రెండోది నాన్న పట్టుకున్న దోషం, ఆ బరువూ తేలికా. కాలమ్ వంపు తిరిగే చోట క్రాస్ జాయింట్లు ఉంటాయి. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ వివరించిన జాయింటే ఇది. దానికొక వింత గుణం ఉంది. ఒక కొసను సమ వేగంతో తిప్పినా రెండో కొస సమంగా తిరగదు. వంపు 30 డిగ్రీలైతే, అవతలి కొస వేగం ఒక చుట్టులో రెండుసార్లు 87 శాతానికి తగ్గి, రెండుసార్లు 115 శాతానికి పెరుగుతుంది. అందుకే రెండు జాయింట్లు వేస్తారు. రెండు వంపులూ సమానంగా ఉండి, మధ్య షాఫ్టుకు రెండు కొసల్లో ఉన్న కొమ్ముల జతలు ఒకే తలంలో ఉంటే, మొదటిదాని తప్పును రెండోది సరిచేస్తుంది. తొంభై డిగ్రీలు తేడాగా అతికిస్తే తప్పు దిద్దుకోకపోగా రెట్టింపవుతుంది. అప్పుడు వేగం 75 శాతం నుంచి 133 శాతం మధ్య ఊగుతుంది. మలుపు మధ్యలో స్టీరింగ్ ఉన్నట్టుండి చురుకెక్కి, వెంటనే మొద్దుబారుతుంది. తడి రోడ్డు మీద ఇది చిన్న విషయం కాదు.

మా షాఫ్టు కొమ్ములు సుమారు 60 డిగ్రీలు మెలిపడి ఉన్నాయి. వెల్డింగ్ చేసేటప్పుడు రాడ్డును నేల మీద ఎలా దొర్లితే అలా పట్టుకుని అతికించారు. అక్కడ ఒక సరళరేఖ గీసుకుని ఉంటే సరిపోయేది. సుద్దముక్క ఖరీదు పని.

మూడోది తల్చుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మేం తెచ్చిన ఆధునిక కాలమ్ నలిగే రకమే. దాన్ని డ్యాష్‌బోర్డు కింద పట్టి ఉంచే బ్రాకెట్‌లో చిన్న చిన్న పట్టీలు ఉంటాయి. గట్టి దెబ్బకు అవి ఊడిపోయి కాలమ్‌ను ముందుకు జారనిస్తాయి. అక్కడ కొంచెం వదులుగా అనిపించిందని షెడ్డులో ఆ పట్టీల మీదుగా బ్రాకెట్‌ను బాడీకి వెల్డింగ్ చేసేశారు. పాత హ్యాండ్ గేరు లింకులను కూడా జారాల్సిన గొట్టానికే క్లాంపులతో బిగించారు. ఏభై ఏళ్ల పరిశోధన ఫలాన్ని డబ్బిచ్చి కొని, దాన్ని మళ్లీ 1950ల బల్లెంగా మార్చుకున్నామన్నమాట. చేసినవాళ్లది దురుద్దేశం కాదు. వాళ్ల దృష్టిలో గట్టిగా ఉండటమే భద్రత. ఊడిపోయేలా తయారు చేసిన వస్తువును వాళ్లకు ఎవరూ ఎప్పుడూ పరిచయం చేయలేదు.

విద్యుత్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ కాలమ్ లోపల ఒక సన్నని మెలిక కడ్డీ ఉంటుంది. మనం తిప్పినప్పుడు అది ఎంత మెలిపడిందో సెన్సర్ కొలుస్తుంది. దాన్ని బట్టి, కారు వేగాన్ని బట్టి మోటారు ఎంత సాయం చేయాలో కంట్రోల్ యూనిట్ నిర్ణయిస్తుంది. పార్కింగ్‌లో ఎక్కువ, హైవే మీద తక్కువ. 1974 అంబాసిడర్‌లో స్పీడోమీటరు కేబుల్ తిరుగుతుంది తప్ప వేగాన్ని చెప్పే విద్యుత్ సంకేతం పుట్టదు. సంకేతం అందని యూనిట్లు కొన్ని అన్ని వేగాల్లోనూ ఒకే సాయం చేస్తూ కూర్చుంటాయి. నాన్న ఒక్క వేలితో తిప్పినప్పుడు మేం మురిసిపోయాం గానీ, గంటకు 70 కిలోమీటర్ల దగ్గర కూడా ఒక్క వేలికే తిరిగే స్టీరింగ్‌కు తుమ్ము వచ్చినా చాలు, కారు పక్క లేనులోకి పోతుంది. పైగా ఈ మోటార్లు గట్టిగా పనిచేసే క్షణంలో 40 ఆంపియర్లు, అంతకు మించి కూడా లాగుతాయి. ఆ కాలపు డైనమోలు ఇచ్చేది 20, 25. కాబట్టి ఆల్టర్నేటరు, మందపాటి వైరు, విడిగా ఫ్యూజు తప్పవు. రాత్రిపూట హెడ్‌లైట్లు మసకబారుతూ స్టీరింగ్ తిరుగుతుంటే విషయం అర్థమైపోతుంది.

ఇంకో మాట, ఖర్చుకు ముందే చెప్పాల్సింది. చాలా పాత కార్లలో స్టీరింగ్ బరువుకు కారణం కాలమ్ కానే కాదు. ఏళ్ల తరబడి గ్రీజు ఎరగని కీళ్లు, గాలి తగ్గిన టైర్లు, అందం కోసం వేసిన వెడల్పు టైర్లు, స్పోర్ట్స్ పేరుతో బిగించిన చిన్న స్టీరింగ్ చక్రం. 42 సెంటీమీటర్ల చక్రం తీసి 35 సెంటీమీటర్లది పెడితే చేతులకు 20 శాతం ఎక్కువ బలం కావాలి. ముందు గ్రీజు గన్‌తో ఒక పూట గడపండి. మేం అది చేయకుండానే పవర్ స్టీరింగ్ దాకా పరిగెత్తామని ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు తలుపు సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మరి ఆర్‌సీలో ఏముంటాయి? ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, రంగు, ఇంధనం, సీట్లు. స్టీరింగ్ కాలమ్ ఊసు ఉండదు. రంగు మారితే పట్టుకునే వ్యవస్థకు, ప్రాణం వేలాడే రాడ్డు మారితే కనపడదు. స్టీరింగ్ గురించి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది మాట్లాడుతుంది. చక్రంలో వదులు 30 డిగ్రీలు మించకూడదని, కీళ్లకు రబ్బరు తొడుగులుండాలని, బోల్టులు ఊడకుండా లాక్ చేసి ఉండాలని అంటుంది. 30 డిగ్రీలంటే గడియారంలో 12 నుంచి 1కి వచ్చినంత. మా పగిలిన రాడ్డుకు అంత వదులు లేదు. ఆ కొలత ఒక్కటే చూస్తే అది నిక్షేపంగా పాసయ్యేది.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్, నంబరులో వీఏ అనే అక్షరాలు, పదేళ్ల చెల్లుబాటు. ఇది మంచి అడుగు. అందులో వాహనం అసలు రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరగకూడదని షరతు ఉంది. కాలమ్ మార్చి, సీటు బెల్టు పెట్టుకుంటే అసలు రూపం పోయినట్టా, ఉన్నట్టా అన్నది నేను చదివినంతలో ఆ పదాల్లోంచి తేలదు. మా కారు ఇప్పుడు ఆ వయసుకు వచ్చింది కాబట్టి ఇది నాకు ఊరికే పుట్టిన ప్రశ్న కాదు.

వేరే దేశాలు దీన్ని ఎలా చూస్తున్నాయి? బ్రిటన్‌లో కారును బాగా మార్చినప్పుడు పాత నంబరు ఉంచాలా వద్దా అన్నదానికి చాలా ఏళ్లు పాయింట్ల లెక్క ఉండేది. అసలు చాసిస్‌కు ఐదు, స్టీరింగ్‌కు రెండు, ఇంజిన్‌కు ఒకటే. ఎనిమిది వస్తే పాత గుర్తింపు నిలిచేది. ఇంజిన్ కంటే స్టీరింగ్‌కు ఎక్కువ విలువ ఇచ్చారన్నది గమనించండి. ఆస్ట్రేలియాలో తేలికపాటి వాహనాల మార్పులకు జాతీయ స్థాయి నియమావళి ఉంది. పెద్ద మార్పులైతే అధికారిక గుర్తింపున్న ఇంజినీరు పరిశీలించి సంతకం చేస్తాడు. యజమానికి స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛకు ఒకరి పేరూ బాధ్యతా తోడున్నాయి.

మనకు ఇది కొత్త కాదు. పెట్రోలు కారుకు సీఎన్‌జీ కిట్ బిగించడానికి, పాత వాహనాన్ని విద్యుత్ వాహనంగా మార్చడానికి ఆమోదించిన కిట్లు, పరీక్షా సంస్థల ధ్రువపత్రాలు, ఆర్‌సీలో నమోదు, అన్నీ ఉన్నాయి. పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలు ఆ పని చేస్తూనే ఉన్నాయి. గ్యాసు సిలిండరుకు చూపిన శ్రద్ధ స్టీరింగ్‌కు చూపలేమా? అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత జీపు వంటి కొద్ది రకాలకైనా పరీక్షించిన కాలమ్ కిట్ ఆమోదిస్తే, సగం వెల్డింగులు ఆగిపోతాయి. కిట్ లేని అరుదైన కార్లకు ఒక్కో వాహనాన్ని విడిగా చూసే ఏర్పాటు ఉండాలి.

దీనికి యంత్రాంగం ఎక్కడుందని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే మా పగులును పట్టుకున్నది మూడు స్ప్రే డబ్బాలు, ఒక టార్చిలైటు, ఒక కోణమానిని. జిల్లాకో పాలిటెక్నిక్ ఉంది, అక్కడ ఈ పాఠం చెప్పే మాస్టార్లు ఉన్నారు. కొమ్ములు ఒకే తలంలో ఉన్నాయా, బ్రాకెట్ పట్టీలు స్వేచ్ఛగా ఉన్నాయా, అతుకు ఉంటే పగులుందా, ఫ్యూజు ఉందా అని చూడటానికి ఒక పూట చాలు. క్రాష్ టెస్టు చేయలేమన్నది నిజం, ఒక్కటే ఉన్న కారును గోడకు కొట్టి చూడలేం కదా. కానీ కనీసం తెలిసిన తప్పులనైనా ఏరిపారేయొచ్చు.

మెకానిక్కులను దోషులుగా నిలబెట్టే ధోరణి కూడా నాకు నచ్చదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగి చూడండి. ఉత్త చాసిస్ మీద లారీ బాడీ మొత్తం చేత్తో కట్టే పనివాళ్లు కనిపిస్తారు. ఆ చేతులకు నైపుణ్యం లేదనడం అన్యాయం. ఉక్కును ఎందుకు నీళ్లతో చల్లార్చకూడదో, కొమ్ములు ఎందుకు వరసలో ఉండాలో చెప్పే వారం రోజుల శిక్షణ, చివర ఒక ధ్రువపత్రం ఇస్తే, కస్టమరు కూడా అది ఉన్నవాడి దగ్గరికే వెళ్తాడు. మా పని చేసిన మెకానిక్‌కు ఆ ఎర్ర గీత ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసి, "ఇట్టా ఎన్ని చేశానో సార్" అన్నాడు, కళ్లెత్తకుండా. ఆ తర్వాత వారం రోజుల్లో పాత కస్టమర్లను పిలిచి మూడు కార్లు విప్పాడు. ఒకదాంట్లో ఇలాంటి గీతే కనపడింది.

మా కారు మళ్లీ తయారవడానికి ఐదు నెలలు పట్టింది. మధ్య షాఫ్టును రెండు కొసలా పళ్లు కోయించి, మధ్యలో ఒకదాంట్లోకి ఒకటి జారేలా కొత్తగా చేయించాం. ఎక్కడా అతుకు లేదు. బ్రాకెట్ కోసం డ్యాష్‌బోర్డు వెనక ఉక్కు చట్రం బోల్టులతో బిగించాం, ఊడిపోయే పట్టీలు ఊడిపోయేలాగే ఉన్నాయి. ఆల్టర్నేటరు వచ్చింది. స్పీడోమీటరు కేబుల్ దారిలో వేగం కొలిచే చిన్న సెన్సర్ కూర్చుంది. ముందు సీట్లకు మూడు చోట్ల బిగించే బెల్టులు పెట్టించాం. కారులో ఏ చిల్లూ కొత్తగా పెద్దది చేయలేదు, ఎప్పుడైనా పాతది పాతగా బిగించేలా. ఇవన్నీ రాసి, ఫోటోలు అంటించి ఒక ఫైలు తయారు చేసుకుని రవాణా కార్యాలయానికి వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన ఓపిగ్గా తిరగేసి, "బాగుందండీ, కానీ దీన్ని ఏ ఫారంలో తీసుకోమంటారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఫైలు ఇంటికి తెచ్చుకున్నాను.

హ్యాండ్ గేరును మాత్రం వదులుకోవాల్సి వచ్చింది. గేరు ఇప్పుడు నేల మీదికి దిగింది. పాత కాలమ్‌ను దాని గేరు కర్రతో సహా నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాం. నాన్న ఆదివారం కారు తీస్తారు, భుజం నొప్పి లేదంటారు. నాలుగు రోడ్ల కూడలి దగ్గర కారు నెమ్మదించినప్పుడు మాత్రం ఆయన చెయ్యి ఇప్పటికీ స్టీరింగ్ పక్కన గాలిలో గేరు కోసం వెతుకుతుంది.